రెండు రంధ్రాలు, ఒక అంగుళం

1965 ఫిబ్రవరి 14. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో గ్రీన్ వ్యాలీ అనే పందెపు బాట. తెల్లని మస్టాంగ్ కారొకటి పూర్తి వేగంతో బాటలోని మిట్టను ఎక్కింది. ఎక్కిన వేగంతోనే గాలిలోకి లేచింది. ఒక ఫోటోగ్రాఫర్ సరిగ్గా ఆ క్షణాన్నే పట్టుకున్నాడు. నాలుగు చక్రాలూ నేలను విడిచి, కారు కారంతా ఆకాశంలో తేలుతున్న ఆ ఫోటో అటు తర్వాత లెక్కలేనన్ని పుస్తకాలలో అచ్చయింది. స్టీరింగు పట్టుకున్నవాడు నలభై ఆరేళ్ళ బ్రిటిష్ జాతీయుడు, కెన్ మైల్స్. ఎగరడానికి వేగముంటే చాలు. ఎగిరిన కారు తిరిగి నేలను తాకినప్పుడు బంతిలా గెంతకుండా, పక్కకు జారకుండా, తరువాతి మలుపులోకి తిన్నగా పోగలగడమే కష్టం. ఆ కారు పోగలిగింది. అది పాల్గొన్న మొదటి పందెం అదే. తన తరగతిలో మొదటి స్థానమూ దానిదే.

అంతకు పది నెలల క్రితం ఈ కారు పందెం గెలుస్తుందని ఎవరైనా అని ఉంటే విన్నవారు నవ్వి ఉండేవారు. ఫోర్డ్ కంపెనీ 1964 ఏప్రిల్ 17న మస్టాంగ్‌ను విడుదల చేసినప్పుడు దాని ఆకారాన్ని చూసి జనం వెర్రెత్తిపోయారు. మొదటి సంవత్సరంలోనే 4 లక్షలకు పైగా కార్లు అమ్ముడయ్యాయి. కాని ఆ సొగసైన రేకుల కింద ఉన్నవి ఫాల్కన్ అనే సాదాసీదా కుటుంబపు కారు ఎముకలే. పొడవాటి ముక్కు, కురచ తోక, ముందు భాగంలో బరువైన ఇంజను, మెత్తటి స్ప్రింగులు: కూరగాయల కోసం బజారుకు వెళ్ళిరావడానికి అమిరిన కారు. ఇటువంటి వాటిలో పెద్ద ఇంజన్లు అమర్చి అమెరికన్లు ‘మజిల్ కార్లు’ అన్నారు, అంటే కండబలం గల కార్లని. తిన్నని దారిలో ఆ కండబలం నిజమే. దారి వంపు తిరిగినప్పుడు మాత్రం, బస్తాలు మోసే బలశాలి చేత నాట్యం చేయించినట్లుండేది.

మస్టాంగ్‌ను పందెపు గుర్రంగా మార్చే పని ఫోర్డ్ కంపెనీ కారల్ షెల్బీకి అప్పగించింది. 1923లో టెక్సాస్‌లోని లీస్‌బర్గ్‌లో పుట్టిన షెల్బీ యౌవనంలో కోళ్ళ పెంపకం చేశాడు. మొదటి విడతలో లాభం వచ్చింది. రెండో విడత కోళ్ళన్నీ తెగులు తగిలి చచ్చాయి. ఆ తర్వాత కార్ల పందేలలోకి దిగి, 1959లో రాయ్ సాల్వడోరితో కలిసి ఆస్టన్ మార్టిన్ కారులో ఫ్రాన్సు దేశపు 24 గంటల లమాన్ పందెం గెలిచాడు. గుండె జబ్బు వల్ల నాలుక కింద నైట్రోగ్లిజరిన్ మాత్ర పెట్టుకొని పందేలు నడిపి, చివరకు 1960లో విరమించుకొని, కార్లు నిర్మించే వృత్తి చేపట్టాడు. మస్టాంగ్‌ను ఆయన ఆఫీసు సెక్రటరీలు నడుపుకొనే కారని ఎకసెక్కం చేసేవాడట. అయితే పని ఇచ్చింది ఫోర్డ్ కంపెనీ. కాదనే వీలు లేదు.

అమెరికాలో ఔత్సాహికుల పందేలు నిర్వహించే స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా మస్టాంగ్‌ను స్పోర్ట్స్ కారుగా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలంటే కారుకు రెండే సీట్లుండాలి. 1965 జనవరి 1 నాటికి కనీసం 100 కార్లు తయారై ఉండాలి. పందెం కోసం ఇంజన్నైనా మార్చుకోవచ్చు, సస్పెన్షన్‌నైనా మార్చుకోవచ్చు, రెండూ కూడదన్నారు. మొదటి షరతు తేలిక. షెల్బీ మనుషులు వెనుక సీటు పీకేసి, అక్కడ ఫైబర్‌గ్లాస్ పలక పరచి, దానిమీద స్టెప్నీ టైరు బిగించారు. అసలు ఆలోచించవలసి వచ్చింది మూడో షరతు దగ్గరే.

షెల్బీ లెక్క ఇలా సాగింది. ఇంజన్ను పందెం కార్లలో మాత్రం విప్పి మార్చుకుందాం. సస్పెన్షన్‌ను మాత్రం అమ్మే ప్రతి కారులోనూ పందేనికి పనికివచ్చేటట్లే బిగిద్దాం. అప్పుడు అది మార్పు కానే కాదు, కారుతో పుట్టినదే అవుతుంది. ఈ యుక్తి పుణ్యమా అని డబ్బు పెట్టి కొన్న ప్రతి మామూలు మనిషికీ పందెపు కారు కాళ్ళు దక్కాయి. పర్యవసానం ఆ మామూలు మనిషికి అంత హాయిగా ఏమీ లేదు. ఆ సంగతి తరువాత.

కారు కాళ్ళన్న మాట కేవలం అలంకారం కాదు. నడుస్తున్న బస్సు మలుపు తిరిగినప్పుడు నిలబడ్డ ప్రయాణికుడు బయటివైపుకు తూలుతాడు. కారు శరీరమూ స్ప్రింగుల మీద అలాగే తూలుతుంది. లోపలివైపు చక్రాలమీద బరువు తగ్గి, బయటి చక్రాలమీద పడుతుంది. ఎంత గొప్ప కారైనా భూమిని పట్టుకునేది నాలుగు చోట్లే. ఒక్కొక్క చోటు మనిషి అరచేతికి మించి ఉండదు. ఇంజను బలమంతా, బ్రేకుల బలమంతా, డ్రైవరు ప్రాణమంతా ఆ నాలుగు అరచేతుల మీదే ఆధారపడి ఉంటుంది. ఎంత తూలినా, ఎంత గతుకులైనా ఆ అరచేతులను నేలకు చదునుగా ఆనించి ఉంచడమే సస్పెన్షన్ చేయవలసిన పని. ప్రయాణికుడికి కుదుపు తెలియకుండా చూడడం దానికున్న మరో పని. ఈ రెండు పనులకూ బొత్తిగా పొసగదు.

మస్టాంగ్ ముందు చక్రాన్ని రెండు ఉక్కు చేతులు పట్టుకొని ఉంటాయి. మెకానిక్కులు వాటిని పై ఆర్మ్, కింది ఆర్మ్ అంటారు. కింది దానికన్నా పైది కురచ. పెద్ద చుట్ట స్ప్రింగు పై ఆర్మ్ మీద కూర్చొని, బానెట్ కిందనున్న ఇనుప గూడులోకి దూరి ఉంటుంది. ఫోర్డ్ అమర్చిన తీరులో, కారు మలుపులో బయటికి ఒరిగితే చక్రం కూడా దానితోపాటే బయటికి ఒరిగేది. ఫలితంగా టైరు చదునుగా ఆనక, బయటి అంచుమీద నిలబడేది. పాదాన్ని నేలమీద పూర్తిగా మోపక బయటి అంచుమీదనే నడిచేవాడిని తలచుకుంటే పాఠకులకు విషయం బోధపడుతుంది. అరచేయంత ఉండవలసిన పట్టు రెండు వేళ్ళంతకు కుంచించుకుపోయేది. డ్రైవరు స్టీరింగు ఎంత తిప్పినా కారు ముక్కు తిన్నగానే పోతానని మొండికేసేది.

దీనికి మందు కనిపెట్టినవాడు షెల్బీ కాదు, మైల్స్ కాదు. ఫోర్డ్ కంపెనీలోనే సస్పెన్షన్ రేఖాగణితం మీద పనిచేసిన ఇంజనీరు క్లాస్ ఆర్నింగ్. చక్రం పైకి కిందికి కదిలినప్పుడు ఏ కోణంలో ఒరుగుతుందో, ఆర్మ్‌ల మొదళ్ళను ఏ బిందువుల దగ్గర బిగిస్తే ఆ కోణం మారుతుందో లెక్కకట్టగల మనిషి. ఆ లెక్కల సారం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: పై ఆర్మ్ మొదలును ఒక అంగుళం కిందికి దించండి. కొత్త ఆర్మ్ అక్కరలేదు, కొత్త స్ప్రింగు అక్కరలేదు. ఇనుప గూడు గోడలో ఉన్న రెండు రంధ్రాలకు ఒక అంగుళం దిగువన మరో రెండు రంధ్రాలు తొలిచి, అదే ఆర్మ్‌ను వాటిలో బిగించడమే. రెండు పక్కలా కలిపి నాలుగు రంధ్రాలు.

మొదలు దిగినందువల్ల పై ఆర్మ్ కొద్దిగా ఏటవాలుగా నిలుస్తుంది. లోపలి కొస కిందికి, చక్రంవైపు కొస పైకి. ఇప్పుడు మలుపులో కారు బయటికి ఒరిగి ఆ పక్క కిందికి దిగినప్పుడు, ఆర్మ్ ఒక వృత్తపు చాపంలో కదులుతూ చక్రం తలను లోపలికి లాక్కుంటుంది. కారు బయటికి ఒరగబోతే చక్రం లోపలికి ఒరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి చెల్లగొట్టుకొని టైరు నేలమీద ఇంచుమించు నిటారుగా నిలుస్తుంది. దీనితో మరో లాభమూ వచ్చింది. మలుపులో కారు శరీరం ఏ బిందువు చుట్టూ తూలుతుందో ఆ బిందువు కొంచెం పైకి, కారు బరువుకు చేరువగా జరిగింది. పొడుగు కాడ గునపంతో రాయి కదిలించడం తేలిక, కురచ కాడతో కష్టం. తూలించే శక్తికి అలా కాడ కురచయింది. కనుక అదే వేగంలో కారు తక్కువ ఒరిగింది. పైగా స్ప్రింగు ఆర్మ్ మీదే కూర్చుంటుంది కాబట్టి కారు ముక్కు కూడా అర అంగుళం పైచిలుకు కిందికి వాలింది. ఇన్ని మార్పులకు ఖర్చు నాలుగు రంధ్రాలు!

తక్కిన పనులు ఇంత నాజూకైనవి కావు. రెండు ముందు చక్రాల ఆర్మ్‌లనూ అడ్డంగా కలిపే స్టెబిలైజర్ కడ్డీ స్థానంలో అంగుళం మందం గల కడ్డీ వేశారు. ఒక పక్క ఒరగబోతే రెండో పక్కను సాయానికి పిలిచే కడ్డీ అది. హాలెండు దేశపు కోనీ కంపెనీ వారి షాక్ అబ్జార్బర్లు నాలుగూ బిగించారు. వాటి బిగువును అవసరాన్నిబట్టి సర్దుకోవచ్చు. స్టీరింగు కింది కడ్డీలను పొడిగించి, చక్రం తక్కువ తిప్పితేనే కారు తిరిగేటట్లు చేశారు. ముందు డిస్కు బ్రేకులు, వెనుక పెద్ద డ్రమ్ములు. బరువు ముక్కుమీదే ఎక్కువగా పడుతోందని మొదట్లో తయారైన కార్లలో బ్యాటరీని తీసుకుపోయి వెనుక డిక్కీలో పెట్టారు.

మస్టాంగ్‌కు లారీకి ఉండే ఛాసీ లేదు. మడిచి అతికిన రేకు పెట్టెయే దానికి ఎముకల గూడు. గట్టి మలుపులో స్ప్రింగులకన్నా ముందు ఆ పెట్టే వంగిపోయేది. ఇంజనుకు అటూ ఇటూ ఉన్న ఇనుప గూళ్ళు ఒకదానివైపు ఒకటి వాలేవి. వాటిని బానెట్ కిందుగా ఒక అడ్డపట్టీతో కట్టి, డ్రైవరు ముందున్న గోడకు మరో గట్టి బందుతో బిగించారు. ఆ బందు షెల్బీ సృష్టించినది కాదు. రోడ్లు బాగుండని విదేశాలకు ఎగుమతయ్యే మస్టాంగ్‌ల కోసం ఫోర్డ్ చేసి పెట్టుకున్నదే. దాని పేరే ‘ఎక్స్‌పోర్ట్ బ్రేస్’. గతుకుల రోడ్ల కోసం చేసిన సరుకు నున్నని పందెపు బాటలో పనికిరావడం వింతగా తోచవచ్చు. ఇనుముకు సంబంధించినంతవరకు గొయ్యి పెట్టే హింస, మలుపు పెట్టే హింస ఒక జాతివే.

వెనుకభాగంలో మన లారీలకూ బస్సులకూ ఉన్నట్లే కమాను కట్టలు, వాటిమీద ఒకే మొద్దు ఇరుసు. బలమైన ఇంజను ఒక్కసారిగా తిప్పితే ఆ ఇరుసు కమాను పట్టీలను మెలిపెట్టి, అవి వెనక్కి తన్ని, చక్రాలు నేలమీద దడదడమని ఎగిరేవి. నేలను వదిలిన చక్రం కారును ముందుకు నెట్టదు. దానికి విరుగుడుగా ఇరుసు పైనుంచి కారు శరీరానికి ఒక్కొక్క పక్క ఒక్కొక్క ఉక్కు కడ్డీ బిగించి ఆ మెలిని ఆపారు. ఇరుసు మరీ కిందికి వేలాడకుండా ఉక్కు తాళ్ళు కట్టారు. మలుపులో లోపలి చక్రం ఉత్తినే గిర్రున తిరిగిపోకుండా రెండింటినీ జోడించే డెట్రాయిట్ లాకర్ అనే యంత్రాన్ని ఇరుసులో పెట్టారు. దానితో పట్టు దొరికింది, చప్పుడు కూడా దొరికింది. ఊళ్ళో నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు వెనుకనుంచి సుత్తితో కొట్టినట్లు ఠంగుమనేది.

ఇవన్నీ కాగితంమీద తేలే సంగతులు. తేల్చి చెప్పవలసినవాడు మైల్స్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ టాంకుల దళంలో సార్జంటుగా పనిచేసి, 1950ల తొలిరోజుల్లో కాలిఫోర్నియాకు వలస వచ్చిన మనిషి. వేగంగా నడిపేవారు ఆనాడు చాలామంది ఉన్నారు. కారు ఏమంటున్నదో విని తిరిగివచ్చి మాటల్లో చెప్పగలవారు అరుదు. మైల్స్ అటువంటివాడు. నాలుక కాస్త పదునైనదని కూడా ప్రసిద్ధి. బాటపై పరీక్ష చేసే పద్ధతి బయటివారికి విసుగు పుట్టిస్తుంది: ఒకసారికి ఒకే మార్పు, కొన్ని చుట్లు, గడియారం చూడడం, ఇంకో మార్పు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే కారు బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఒకటి మేలు చేసి మరొకటి కీడు చేసినా తెలియదు. ప్రాజెక్టు ఇంజనీరు చక్ కాంట్‌వెల్, మైల్స్, బాబ్ బాండ్యురాంట్ వంటివారు ఈ ఓపిక గల పనితోనే జీటీ-350ని తీర్చిదిద్దారు. ఆ పేరుకు మాత్రం ఓపికా లేదు, అర్థమూ లేదు. తన పందెపు షెడ్డుకూ తయారీ షెడ్డుకూ దూరమెంతని షెల్బీ అడిగితే, అడుగుల్లో 350 ఉండవచ్చని జవాబు వచ్చిందట; అదే పేరయింది.

1965లో ఆ క్లబ్ జాతీయ పోటీలలో జీటీ-350 తన తరగతి ఛాంపియన్‌గా నిలిచింది. డేటోనాలో జరిగిన ఆఖరి పోటీలో దాన్ని నడిపి గెలిచిన జెర్రీ టైటస్ వృత్తిరీత్యా పత్రికా సంపాదకుడు. 1966లో, 1967లో కూడా ఛాంపియన్ బిరుదు ఆ కారుకే దక్కింది.

ఇక వాగ్దానం చేసిన సంగతి. మామూలు మస్టాంగ్ 2,368 డాలర్లకు దొరుకుతూండగా 4,547 డాలర్లు పోసి జీటీ-350 కొన్న మనిషి ఇంటికి తోలుకొని వచ్చినది కుటుంబపు కారును కాదు. ప్రతి గొయ్యీ వెన్నెముకకు తెలిసేది. స్టీరింగు బరువు, బ్రేకు బరువు, క్లచ్చి బరువు. వెనుక ఇరుసు ఠంగుఠంగులు సరేసరి. పిల్లలను కూర్చోబెడదామంటే సీటే లేదు. నడపడం తెలిసినవాళ్ళు దాన్ని ఆరాధించారు. తక్కినవాళ్ళు షోరూములో చుట్టూ తిరిగి చూసి పక్కనున్న మామూలు మస్టాంగ్ కొనుక్కొని వెళ్ళారు. 1965 సంవత్సరపు జీటీ-350లు అన్నీ కలిపి తయారైనవి 562.

దానితో 1966 కార్లకు మెత్తదనం వచ్చింది. వెనుక సీటు కావాలంటే వచ్చింది, ఆటోమాటిక్ గేర్లు వచ్చాయి, తెలుపుకు తోడు ఇతర రంగులు వచ్చాయి. డెట్రాయిట్ లాకర్ అడిగినవారికి మాత్రమే ఇచ్చారు. పాత భాగాలు మిగిలి ఉన్నంతవరకు, అంటే మొదటి రెండువందల యాభై కార్ల వరకు మాత్రం లోపలి పనితనం మునుపటిలాగే సాగింది. అవి అయిపోగానే, ఆర్నింగ్ లెక్కగట్టిన ఆ అంగుళాన్ని కూడా వదిలేశారు. రంధ్రాలు తొలవడానికి పట్టే కాలం, కూలి మిగిలాయి. బయటి చారలు మాత్రం వదలలేదు. ఈ మెత్తని కార్లు రెండువేల మూడువందలకు పైగా తయారయ్యాయి. వాటిలో దాదాపు వెయ్యి హెర్ట్జ్ అనే అద్దె కార్ల కంపెనీయే తీసుకుంది. శనివారం అద్దెకు తీసుకొని, ఆదివారం పందెంలో నడిపి, సోమవారం ఏమీ ఎరగనట్లు అప్పగించిన ఘనుల కథలు నేటికీ చెప్పుకుంటారు. వ్యాపారం దృష్టితో చూస్తే షెల్బీ చేసినదాన్ని తప్పు పట్టడం కష్టం. కొనేవాడు చార చూసి కొంటాడు, రంధ్రం చూసి కొనడు. అయితే వింత ఏమిటంటే, 1967 మస్టాంగ్ వచ్చేసరికి ఫోర్డ్ కంపెనీయే తన మామూలు కార్లలో పై ఆర్మ్ మొదలును కిందికి దించింది.

ఆ కార్లను చూడడానికి మైల్స్ లేడు. 1966 ఆగస్టు 17న కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ బాటపై ఫోర్డ్ వారి మరో కొత్త పందెపు కారును పరీక్షిస్తూ ప్రమాదంలో మరణించాడు. 2019లో వచ్చిన హాలీవుడ్ చిత్రం వల్ల ఆయన పేరు కొత్త తరానికి కూడా తెలిసింది.

ఆర్నింగ్ అంగుళం మాత్రం ఇళ్ళ వెనుక షెడ్లలో బతికింది. అమెరికాలో పాత మస్టాంగ్ ఉన్నవారు ఎందరో దానిని సొంతంగా చేసుకుంటారు. రంధ్రాల చోటు చూపించే అచ్చు మూస ఒకటి దొరుకుతుంది: అంగుళం కిందికి, అంగుళంలో ఎనిమిదో వంతు వెనక్కి. మూసను పాత రంధ్రాలకు బిగించి, గుర్తు పెట్టి, ముందు సన్నని బరమాతోనూ తర్వాత పెద్ద బరమాతోనూ తొలుస్తారు. వినడానికి ఒక పూట పని. ఆ పూటలో ప్రమాదమంతా రంధ్రం దగ్గర ఉండదు, దానికి ముందు స్ప్రింగును ఊడదీసేటప్పుడు ఉంటుంది. అణిగి ఉన్న ఆ చుట్టలో దాగిన శక్తి పట్టు తప్పితే మనిషిని చంపగలదు. అందుకు తగిన బిగింపు పరికరం లేకుండా, జాకీ ఒక్కదాన్నే నమ్ముకొని ఆ పనికి పూనుకోవడం ధైర్యం కాదు. ఒక అంగుళం ఇంత మేలు చేస్తే రెండంగుళాలు ఇంకెంత చేస్తుందో అనుకొనేవారూ ఉన్నారు. అంతకంటే కిందికి దించితే ఆర్మ్ కొసనున్న బాల్ జాయింటు తిరగగలిగిన హద్దు దాటి పట్టేస్తుంది. పట్టేసినది ఏదో ఒకనాడు విరుగుతుంది.

బాటపై నడపాలన్న కోరికతో పాత మజిల్ కారు కొన్నవాడు సాధారణంగా మొదట చేసేది ఇంజను బలం పెంచడం. అనుభవజ్ఞులు చెప్పే వరస వేరు. మొదట అరిగిన బుష్‌లు, బాల్ జాయింట్లు మార్చు. అరవై ఏళ్ళనాటి రబ్బరు మీద ఏ లెక్కా నిలవదు. తర్వాత బ్రేకులు: నాలుగు చుట్లు తిరిగేసరికి పాత డ్రమ్ములు వేడెక్కి కాలు కింద పెడలు మెత్తబడిపోతుంది. ఆ తర్వాత టైర్లు. వాటి వెనుకే రంధ్రాలు, షాక్ అబ్జార్బర్లు, ముందు కడ్డీ. మందపాటి కడ్డీలతో, రాళ్ళవంటి స్ప్రింగులతో కారును అసలు ఒరగకుండా చేయవచ్చుననుకోవడం కొత్తవారి పొరపాటు. మరీ బిగుసుకున్న కారు గతుకు తగలగానే నేలను వదిలేస్తుంది. ఒరిగినా ఫరవాలేదు, ఒరిగినప్పుడు టైరు ఎలా నిలబడిందన్నదే లెక్క.

టైరు ఎలా నిలబడిందో టైరే చెబుతుంది. బాటనుంచి కారు రాగానే, ఇంకా వేడి చల్లారకముందే, సూదివంటి ఉష్ణమాపకాన్ని రబ్బరులో మూడుచోట్ల గుచ్చి చూస్తారు: లోపలి అంచున, నడుమ, బయటి అంచున. బయటి అంచు మరీ కాలిపోతుంటే చక్రం మలుపులో ఇంకా బయటికే ఒరుగుతున్నదని అర్థం. దాని తలను మరికొంచెం లోపలికి వంచాలి. ఈ వంపునే ఎలైన్‌మెంట్ షాపుల్లో కాంబర్ అంటారు. నడుమ భాగం కాలితే గాలి ఎక్కువైందని. రెండంచులు కాలి నడుమ చల్లగా ఉంటే గాలి చాలలేదని. పరికరం లేనివారికి ఇంకా చవకైన ఉపాయముంది. టైరు భుజంమీద సుద్దముక్కతో గీత గీసి బాటపైకి వెళ్ళడం; గీత ఎంతవరకు చెరిగిందో అంతవరకు టైరు నేలమీద పొర్లిందన్నమాట.

నేడు ఈ శ్రమ ఏదీ లేకుండా, పాత గూళ్ళను కోసేసి, మొత్తం కొత్త ముందు సస్పెన్షన్‌ను పెట్టెలో తెచ్చి బిగించుకొనే వీలుంది. అవి బాగానే పనిచేస్తాయి. వాటిని బిగించినవారికీ, అదే పాత ఆర్మ్‌ను అంగుళం దించి తృప్తి పడేవారికీ మధ్య వాదం ఇప్పట్లో తీరేది కాదు. బాటపై కారు వేగంగా పోతే చాలునన్నది ఒకరి మాట. అది 1965 నాటి మస్టాంగ్‌గానే ఉంటూ వేగంగా పోవాలన్నది మరొకరి మాట. రెండో పక్షంవారు కొంచెం మొండివారు, కాని కారు ఏమిటో వారికే ఎక్కువగా తెలుస్తుంది.

గ్రీన్ వ్యాలీలో ఎగిరిన ఆ తెల్ల కారు 2020 జూలైలో ఇండియానాపోలిస్ నగరంలో వేలానికి వచ్చి 38 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడయింది. ఇటువంటి కార్లు అమ్మకానికి వచ్చినప్పుడు పరీక్షించేవారు టార్చిలైటు పట్టుకొని, బానెట్ ఎత్తి, ఇనుప గూడు పక్కకు వంగి చూస్తారు. 1965 నాటి జీటీ-350 అని చెప్పే కారులో పై ఆర్మ్ అంగుళం కిందికి దిగి కనబడకపోతే అనుమానం మొదలవుతుంది. చెక్కు చెదరని మామూలు మస్టాంగ్ అని చెప్పే కారులో అది దిగి కనబడితే ధర తగ్గుతుంది.